రుక్కమ్మ కనురెప్ప

రుక్కమ్మ చూపు ఒకప్పుడు ఎంతటిదంటే, శంషాబాద్ మీదుగా దిగే విమానంలో కిటికీ పక్కన కూర్చున్నామె ముక్కుపుడక రాయి రంగు చెప్పేదట. నమ్మకపోతే మానండి. ఆ చూపు పుణ్యమా అని ఎయిర్‌పోర్టు వెనకున్న మందుల ల్యాబులో ఆమెకు పని దొరికింది. చీకటి గదిలో కోడిగుడ్డును దీపం ముందు పట్టుకుని, లోపలి పిల్ల బతికుందో చచ్చిందో చెప్పాలి. అంతే పని.

ఆ గుడ్లలోకి ఎక్కించేది మామూలు జలుబు కాదు, పాత గోలీలకు లొంగని ఫ్లూ. దానికి కొత్త మందు తయారుచేస్తున్నది బడంగ్‌పేట్ పిల్ల పూర్ణిమ. వైరస్ ఒంటి మీద ఓ తాళం ఉంటుందట. దానికి సరిపోయే తాళంచెవిని కంప్యూటర్లో గీసి, చెరిపి, మళ్లీ గీసి, నాలుగేళ్లలో అరవై రెండు మందులు చేసింది. అన్నీ గుడ్ల దగ్గరే ఓడిపోయాయి, ఫ్లూకు లోపలి పిల్లలు చచ్చిపోయాయి. అరవై మూడోది కూడా పోతే ఈ పనే మూసేస్తామని పైవాళ్లు తేల్చేశారు.

రుక్కమ్మ కళ్లలో శుక్లాలు పెరుగుతున్నాయని మాత్రం ఎవరికీ తెలియదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ పొద్దున అరవై మూడో మందు పడ్డ పది గుడ్లు ఆమె ముందుకొచ్చాయి. అద్దం అవతల పూర్ణిమ పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. రుక్కమ్మ మొదటి గుడ్డు దీపానికి పెట్టింది. మసక. రెండోదీ మసకే. పదీ బొగ్గు ముద్దల్లా నల్లగా కనిపించాయి. పోయినవి గుడ్లో, తన కళ్లో ఆమెకు తేలలేదు.

"చెప్పు పెద్దమ్మా," అంది మైకులో పూర్ణిమ. "సచ్చినయా?"

"జర ఆగు బిడ్డా."

పొదిగే కోడి కింది గుడ్లను వాళ్లమ్మ ఎలా చూసేదో అలాగే చూసింది. కళ్లజోడు పైకి నెట్టి, గుడ్డును మూసిన కనురెప్పకు ఆనించింది. చచ్చిన గుడ్డు పొదిగే పెట్టెలోంచి తీసిన కాసేపటికే చల్లబడుతుంది, బతికినదాని వెచ్చదనం పోదు. అవతల పూర్ణిమ రెండు చేతులతో అద్దం బాదుతోంది. ఆ ఫ్లూ కంట్లోంచి కూడా దూరుతుంది మరి. రుక్కమ్మకు అదేమీ వినబడలేదు. గుడ్డు వెచ్చగా ఉంది. పైగా లోపలి నుంచి ఎవరో గోటితో తట్టినట్టు రెప్ప మీద టక్కుమంది. పొదగడం మొదలై పదమూడు రోజులే అయిన పిల్లకు పెంకు తట్టే బలం ఎక్కడిది? అయినా పది గుడ్లూ తట్టాయి.

పదీ బతికే ఉన్నాయని చెప్పింది. పూర్ణిమ ముఖం వెలగలేదు. మరి దీపంలో ఏం కనబడిందని అడిగింది. దీపంలోనూ బాగానే ఉన్నాయంటే తన పని నిలిచేదేమో. రుక్కమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కండ్లు కానొస్తలేవు బిడ్డా. నెల సంది గిట్లనే ఉన్నది."

అలా తాకిన గుడ్లు లెక్కలోకి రావు కాబట్టి ఆ పదింటినీ పారేశారు. రుక్కమ్మను పనిలోంచి తీసేసి, ఫ్లూ అంటిందో లేదో తేలేదాకా వారం రోజులు విడిగా ఓ గదిలో పెట్టారు. ఆరడుగుల కాపలావాడు కూడా ఆ గది ముందు నుంచి పరుగున పోయేవాడు. లోపల ఆమె కళ్లు మూసుకుని లెక్కపెడుతూ ఉండేది. కళ్లు మూస్తే చాలు, రెప్పల మీద తట్టడం మొదలవుతోందట. సరిగ్గా పది చప్పుళ్లు.

ఈలోగా పూర్ణిమ పది కొత్త గుడ్లతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి దీపం పట్టింది స్వర్ణలత, పాతికేళ్ల పిల్ల, చూపుకు ఢోకా లేదు. ఫలితం తేలగానే పూర్ణిమ రుక్కమ్మకు ఫోన్ చేసింది. తాను నోరు తెరవకముందే అటు నుంచి మాట వచ్చింది.

"ఆరోది పోయింది గదా బిడ్డా. పొద్దుగాల్నే దాని తట్టుడు ఆగింది."

పూర్ణిమ చేతిలోని కాగితం చూసుకుంది. తొమ్మిది బతికాయి. చచ్చింది ఆరో గుడ్డు ఒక్కటే. మందు గెలిచింది, ఇక పని మూయరు. ఆ సంగతి చెబుదామనే ఫోన్ చేసింది, కానీ చూపు గోడ గడియారం మీదికి పోయింది. లెక్క రాసుకున్నాక గుడ్లన్నింటినీ ఆవిరి పెట్టెలో ఉడికించాలన్నది ల్యాబు రూలు, బతికినవాటిని కూడా.

"పెద్దమ్మా," అంది. "ఐదు గంటలకు వాటిని పెట్టెల వేస్తరు. అప్పుడు జర కండ్లు మూయకు."