ఎలిశిబా పెట్టని సంతకం

1966లో మెదక్‌లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఎలిశిబా, హవేలిఘనపూర్ తోవలో ఉన్న తన జాగా అమ్మాలనుకుంది. దళారి జనార్దన్ ఒక కాగితం రాసి తెచ్చాడు. ఆమె జాగా ఎవరికి అమ్మినా అతనికి కమీషన్ ఇవ్వాలని అందులో ఉంది. "సదివి చెప్త" అని తీసుకుంది గాని, సంతకం పెట్టలేదు.

నెల తర్వాత పక్కింటి పంతులు ప్రకాశం తనంతట తానే వచ్చి ఆ జాగా కొంటానంటే ఆమె ఒప్పుకుంది. సంగతి తెలిసి జనార్దన్ ఇంటి మీదికొచ్చాడు.

"కాగితం ఉంచుకున్నరంటే ఒప్పుకున్నట్టే టీచరమ్మా! కమీషన్ ఇయ్యకుంటే కోర్టుకు పోత."

ఎలిశిబా లొంగదలచుకోలేదు. మర్నాడు పొద్దున్నే కాగితం పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లింది.

"సంతకం లేదని ధీమాగ ఉండొద్దమ్మా," అన్నాడాయన. "నోటిమాట గూడ ఒప్పందమే అయితది. మీరు సరే అన్నరా? ప్రకాశాన్ని ఆయనే తోలుకొచ్చిండా?"

"రెండూ గాదు సారూ. సదివి చెప్తనన్న, గంతే."

"గట్లయితే భయం లేదు. జవాబియ్యకుంటే ఒప్పుకున్నట్టు గాదు."

ఆమె అక్కడినుంచి తిన్నగా బజారుకు నడిచింది. హోటల్లో నలుగురి మధ్య కూర్చున్న జనార్దన్ ముందు ఆ కాగితం పెట్టింది.

"జనార్దనన్నా, నేను సరే అన్ననా? గీళ్లందరి ముంగట చెప్పు."

అతను చాయ్ గ్లాసు పక్కన పెట్టి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అనలే," అన్నాడు.

ఆ వారంలోనే ప్రకాశం పేర రిజిస్ట్రీ అయింది.