గిడ్డంగి మలుపు దగ్గర ఎర్ర జెండా

ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు పళ్ళ మాస్టారి పళ్ళతోనే నములుతారు. ఆయన డాక్టరు కాదు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గులాబిరంగు మైనంలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, అరగదీసి, మెరుగుపెట్టి, సెట్లు కట్టి పంపుతాడు. వీధివైపు కిటికీ, కిటికీ కింద బల్ల, బల్లమీద చీటీలు కట్టిన దవడలు. "గుడ్డి గుర్రాలకి పళ్ళు తోముతున్నావా బావా?" అని మరదలు వెక్కిరిస్తే, "తోమడం కాదే, కట్టడం" అనేవాడు ఒకప్పుడు.

ఇప్పుడు "ఊఁ" అంటాడు, అంతే. చలికాలంలో భార్య పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చిన నాలుగోరోజున. అప్పట్నుంచి ఆయనకి ఉప్పెక్కువైనా తెలియదు, తక్కువైనా తెలియదు. ఏడుపూ రాలేదు. ఒకసారి గట్టిగా ఏడిస్తే గుండె తేలికపడుతుందని మరదలు చెప్పింది. ప్రయత్నించాననీ, కుదర్లేదనీ చెప్పి మళ్ళీ దవడ అందుకున్నాడు.

ఆదివారం సైకిల్ పందేలు మాత్రం మానలేదు. మానాలన్న ఆలోచన కూడా రాలేదు, అందుకని.

ఆ ఊరి సైకిల్ క్లబ్బు ఏడాదికి పది పందేలు పెడుతుంది. తొక్కేవాళ్ళంతా ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళే. మొదట వచ్చినవాడికి ముప్ఫై పాయింట్లు, రెండోవాడికి ఇరవయ్యారు, మూడోవాడికి ఇరవైనాలుగు, అక్కణ్ణుంచి మెట్టుకొకటి చొప్పున తగ్గుతూ, ఈడ్చుకుంటూ గీత దాటినవాడికీ ఒకటి. పదింట్లో మంచివి ఏడే లెక్కలోకొస్తాయి. మిగతా మూడూ మనిషన్నాక జ్వరాలూ చుట్టాలూ ఉంటారని వదిలేసినవి. అయితే ఆ మూడింట్లో ఒకటి క్లబ్బుకివ్వాలి. ఒక ఆదివారం తొక్కడం మాని ఏదో ఒక మలుపులో ఎర్ర జెండా పట్టుకుని బళ్ళని ఆపాలి. తను పట్టకపోతే ఇంట్లోవాళ్ళెవరైనా పట్టచ్చు. ఎవరూ పట్టకపోతే ఏడాది చివర పట్టికలోంచి పేరు కొట్టేస్తారు. అక్కడ మొహమాటం లేదు.

పట్టిక రాసేది పాయింట్లమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫైయేళ్ళు తీగలు కలిపి రిటైరైన మనిషి. ప్రతి సోమవారం క్లబ్బు గోడమీద కొత్త పట్టిక అంటిస్తుంది. మాస్టారింట్లో ఇంకో పట్టిక ఉండేది, వంటింటి అలమర తలుపు లోపలివైపు. మాస్టారి భార్య ఏటా పది గళ్ళు గీసి, ఆయన ఎన్నోవాడుగా వచ్చాడో పెన్సిలుతో రాసేది. పదకొండేళ్ళలో ఆయన పట్టికలో తొమ్మిదో స్థానం దాటి పైకి వెళ్ళలేదు. "మా తొమ్మిదో నంబరు వచ్చాడు, నీళ్ళు పెట్టండి" అని ఖాళీ ఇంటికి కేకేసేది.

ఈ ఏడు పట్టికలో మొదటి పేరు ఆయనదే. ఎలాగని అడిగితే ఆయన చెప్పలేడు. వెనకపడతానన్న బెంగ లేదు, ముందుకెళ్ళాలన్న ఆత్రం లేదు. అద్దెకు తెచ్చుకున్న కాళ్ళేవో తొక్కుతుంటే పైన కూర్చున్నట్టు ఉండేది. వారంవారం మూడు, నాలుగు, అయిదు, ఆరు స్థానాల్లో వచ్చి పడేవాడు. తొమ్మిది పందేలయ్యేసరికి మంచివి ఏడూ కలిపి నూటయాభై ఆరు. రెండోవాడు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కుర్రాడు. ఒకసారి డ్యూటీ, ఒకసారి జెండా, ఒకసారి కిందపడ్డం పోగా ఆరు పందేలకి నూటముప్ఫైనాలుగు. ఏడోది ఆఖరి ఆదివారం.

ఆ ముందు సోమవారం పాయింట్లమ్మ మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఒక దవడకి కట్టిన చీటీ తిప్పి చూసింది.

"నాయనా, ఈ ఏడు నీ జెండా ఎవరు పట్టారు?"

"ఏ జెండా అండీ?"

ఆయనకి నిబంధన తెలియక కాదు. ఇంట్లో గడియారానికి బ్యాటరీ ఎవరు మారుస్తున్నారో తెలియనట్టు, పదకొండేళ్ళూ తన జెండా దానంతటదే ఎగురుతోందనుకున్నాడు. రిజిస్టరులో పదకొండుచోట్లా భార్య సంతకమే ఉందని, ఎప్పుడూ గిడ్డంగి మలుపే అడిగేదని పాయింట్లమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం మరదలు ఉపాయం చెప్పింది. తను ఇంటిమనిషే కాబట్టి జెండా తను పడుతుంది, బావ తొక్కుతాడు. ఆ కుర్రాడి చక్రం వదలకుండా అంటుకుపోయి గీత దగ్గర దాటేస్తే చాలు, కప్పు ఇంటికొస్తుంది. ఆయన వింటూనే అలమర తలుపు తీశాడు. పాత పట్టికలన్నిట్లో ఒక్కో గడిలో అంకె పక్కన చిన్న త్రికోణం, దానికో కాడ. ఇదేమిటని ఎప్పుడో ఒకసారి అడిగితే, నీకు పనికొచ్చేది కాదులే అంది. ఈ ఏడాది గళ్ళు తను గీసుకున్నవి, వంకరగా ఉన్నాయి. తొమ్మిది గళ్ళలో తొమ్మిది అంకెలు.

"నేనే నిలబడతాను" అన్నాడు.

"మతి ఉందా బావా? వాడు నాలుగోవాడుగా వచ్చినా ఎగరేసుకుపోతాడు."

"పోనీ."

"అక్క ఉంటే చెవి మెలేసేది."

ఆయన తలుపు మూశాడు. ఎందుకు ఒప్పుకోలేదో ఆయనకే అంతుపట్టలేదు. పట్టించుకుని వెతకనూ లేదు.

ఆదివారం పొద్దున నారింజరంగు కోటు, ఈల, జెండా తీసుకుని గిడ్డంగి మలుపుకి వెళ్ళాడు. ఎదురుగా పొడుగాటి గోడ, ఇనుప గేటు, గేటు పక్కన వాచ్‌మన్ గది. వాచ్‌మన్ కాసేపు చూసి స్టూలు తెచ్చి వేశాడు.

"ఏటా ఒకావిడ వచ్చేదండీ. ఈసారి రాలేదేం? మీరు ఆవిడ తరఫునా?"

"అవును" అన్నాడు మాస్టారు. "ఆవిడ తరఫునే."

పందెం పన్నెండు చుట్లు. చుట్టుకి గుంపు వచ్చేది గాలివిసురులా, గొలుసుల చప్పుడుతో. పంటికింద ఒక మెతుకు నలిగేలోపు దాటిపోయేది. తర్వాత పావుగంటసేపు ఖాళీ రోడ్డు, గోడ, ఒక పిల్లి. తొక్కేటప్పుడు ఈ ఖాళీ ఉంటుందని ఆయనకెప్పుడూ తెలియదు. ఒక లారీని ఆపాడు. పెరుగు ప్యాకెట్ల వ్యాన్‌ని ఆపాడు, డ్రైవరు ఏదో గొణిగాడు.

వాచ్‌మన్ కబుర్ల మనిషి. ఆవిడ ఫ్లాస్కు తెచ్చేదనీ, తనకీ ఓ కప్పు పోసేదనీ చెప్పాడు.

"వాళ్ళాయన కూడా తొక్కేవాడటండీ. ఒక ఆదివారం కాలు బెణికినా వచ్చి నిలబడింది. మరి ఆయన ఒక్కసారీ ఇటు తల తిప్పడేంటమ్మా అని అడిగా."

మాస్టారు జెండా చేతులు మార్చుకున్నాడు. "ఏమంది?"

"తిప్పితే పడతాడు, తిప్పకూడదు అంది."

నిజమే. మలుపులో ముందుచక్రాన్నీ రోడ్డునీ తప్ప దేన్నీ చూడకూడదు. ఆయన ఎప్పుడూ చూడలేదు. పదకొండేళ్ళలో ఒక నారింజరంగు మచ్చ కంటి అంచున దాటిపోయి ఉంటుంది. ఒంటిమీది కోటు బొత్తాలు పైదాకా పెట్టుకున్నాడు.

ఆఖరి చుట్టులో ఎక్స్‌రే కుర్రాడు అయిదోవాడుగానో ఆరోవాడుగానో దాటాడు. గీత ఇంకా మైలు దూరం. గుంపు పోయాక ఎవరైనా ఇంటికెళ్ళిపోవచ్చనుకుంటారు, కానీ ఆఖరివాడు దాటేదాకా జెండా దించకూడదు. పాతిక నిమిషాలకి బరువైన మనిషొకడు ఒగరుస్తూ వచ్చాడు. ఒక్క పాయింటు కోసం. మాస్టారు జెండా ఎత్తి రోడ్డు కాశాడు. ఆ మనిషి దణ్ణం పెడదామనో ఏమో తల ఇటు తిప్పబోయాడు.

"తిప్పకు" అన్నాడు మాస్టారు. "ముందుకి చూడు."

గీత దగ్గర్నుంచి వెనకాలే వచ్చిన క్లబ్బు వ్యాన్‌లోంచి పాయింట్లమ్మ దిగింది. దిగీదిగగానే చెప్పేసింది.

"నాలుగోవాడు. వాడిది నూటయాభై ఏడు. ఒక్క పాయింటు, నాయనా."

"ఆహాఁ" అని జెండా చుట్టి ఇచ్చాడు. రిజిస్టరులో సంతకం పెట్టాడు. పైనున్న పాత సంతకాలు చూడలేదు. స్టూలు తీసుకెళ్ళి వాచ్‌మన్ గది ముందు పెట్టి, వాళ్ళాయన తనేనని చెప్పాడు. అసలావిడ ఏమైందో కూడా చెప్పాడు. వాచ్‌మన్ స్టూలు మళ్ళీ ఇవతలికి లాగి కూర్చోమన్నాడు. ఫ్లాస్కులో ఏం తెచ్చేదని మాస్టారు అడిగాడు. వట్టి వేణ్ణీళ్ళేనట. కాఫీ అయితే ఊరికే ఒంటికొచ్చి మధ్యలో ఇంటికి పరుగెత్తాల్సొస్తుంది, ఆయన దాటేటప్పుడు లేకపోతే ఎలా అనేదట.

ఇంటికొచ్చి అలమర తలుపు తీశాడు. పదో గడిలో త్రికోణం గీసి, దానికో కాడ పెట్టాడు. గోళ్ళలో మైనం ఉందేమో, గీత జారింది. చెరపలేదు. నీళ్ళు పొయ్యిమీద పెట్టి, అవి మరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.