యముడి దగ్గర ఆగిన మెట్లు

సున్నపురాయి లారీ తోలీ తోలీ నా నడుం పోయింది. మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటే మంచం పడతావని డాక్టరు చెప్పాడు. దాంతో పిడుగురాళ్లలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న మా బామ్మర్ది దగ్గర శిష్యరికానికి చేరాను. బామ్మర్ది మన బతుకు కోరతాడంటారు. మావాడూ నా బతుకు కోరాడు, కాకపోతే అది తన చేతికింద సాగాలని కోరాడు.

మొదట్లో వెల్డింగ్ రాడ్డు తాకిస్తే చాలు, ఇనుముకు అతుక్కుపోయేది. ఒకరోజు నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా వెల్డింగ్ వెలుగును చూశాను. సాయంత్రానికి కళ్లలో కారం కొట్టినట్టయింది. మా ఆవిడ బంగాళాదుంప చక్రాలు కోసి నా రెప్పల మీద పెట్టి, మిగిలిన దుంపతో కూర వండింది. నా అతుకులు కాకి రెట్టల్లా ఉన్నాయని బజారంతా చెప్పుకున్న బామ్మర్ది, నెలాఖరుకి ఒక్క అతుకన్నా గట్టిగా నిలబెట్టకపోతే ఇంటికి పొమ్మన్నాడు. ఇంటికి పోతే మళ్లీ లారీయే గతి. నిజంగానే భయమేసింది.

ఆ నెలలోనే గురజాల దగ్గర ఒక రైతు, డాబా మీద మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఇనప మెట్లు చేయించుకున్నాడు. కొలతలు, వెల్డింగ్ అన్నీ బామ్మర్దివే. బిగించాక ఆ పెద్దాయన ఇంద్ర, యమ, రాజ అని మెట్టుమెట్టుకీ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. సరిగ్గా ఆఖరి మెట్టు దగ్గర యముడొచ్చాడు. అలా ఆగితే ఇంటికి అరిష్టమట. అంగుళం తేడా రానివ్వని మావాడు యముణ్ణి కొలవడం మరిచాడు.

అడుగున ఇంకో మెట్టు కలపక తప్పలేదు. తప్పు దిద్దడం మేస్త్రీకి నామోషీ కదా, అందుకని రాడ్డు బిగించిన హోల్డరు నా చేతిలో పెట్టి ఫోను చూసుకుంటూ పక్కకెళ్లాడు. ఈసారి నల్లద్దం అడ్డం పెట్టుకునే అతికాను. పెద్దాయన వంగి చూసి, ఇదెవరు వేశారని అడిగాడు.

"నేను కాదు బాబాయ్, మా బావ," అన్నాడు బామ్మర్ది, అడగడమే ఆలస్యం అన్నట్టు.

నిండా కుక్కిన మిరప టిక్కీ బస్తాలాంటి ఆ మనిషి మెట్టు మీద నిలబడి నాలుగుసార్లు గెంతాడు. మెట్టు కదల్లేదు.

"చూసేదానికి ఏం బాలేదుగానీ, చానా గట్టిగుంది. గేటు గూడా ఈయన చేతే ఏపిచ్చు," అన్నాడు.

ఏడుపొచ్చేంత సంతోషమైంది నాకు. తిరుగు దారిలో ఆటోలో బామ్మర్ది తన కొలతల టేపు తీసి నా ఒళ్లో పెట్టాడు.

"గేటు కొలతలు నువ్వే తీసుకో బావా," అన్నాడు. "ఆయన ఈసారి ఊసలు గూడా లెక్కబెడతాడు."