ముగ్గు గోడల ఇల్లు

వికారాబాద్‌లో నేను కొన్న పాత ఇంటికి ఒక తలుపుండేది. దాన్ని తీస్తే పుట్టే కిర్రుకు మైళ్ల దూరంలోని మర్పల్లిలో మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్లు. మా ఆవిడ దీన్ని ఒప్పుకోదు. వీధి చివరిదాకా వినబడితే అదే గొప్ప అంటుంది. డెబ్బైల నాటి మాట, ఇప్పుడు తలుపే లేదు కనుక ఆవిడా రుజువు చేయలేదు, నేనూ చేయలేను.

ఆ ఇంట్లో నిలబడి ఉన్నవి ముందరి రెండు పెంకుటి గదులు. పక్క గదులు ఎప్పుడో కూలిపోతే, ఆ మట్టిని చదును చేసి వదిలేశారు. వీధి వైపు పొడుగాటి అరుగు మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మినాయన ఒక ముసలి సాబ్. వెనక వీధిలో కూతురింటికి మారిపోయాడు. ఇల్లయితే అమ్మాడు గానీ అరుగు మీద కూర్చునే అలవాటును అమ్మలేదు. రిజిస్ట్రేషనైన మర్నాడు సాయంత్రం నాలుగింటికి యథాప్రకారం వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టుకుని, "చాయ్ ఎప్పుడొస్తది సారూ?" అన్నాడు. నేను బడిపంతులును. పెద్దవాళ్లు ప్రశ్న అడిగితే జవాబివ్వడం అలవాటు. చాయ్ వచ్చింది. ఆ రోజు నుంచి రోజూ వచ్చింది.

ఇల్లు కొనడంలో నా స్వార్థం ఒక్కటే. అప్పటిదాకా అమ్మ, ఆవిడ, నేను ఒకే అద్దె గదిలో ఉన్నాం. ఈ భూమ్మీద నాదని చెప్పుకోదగ్గ జాగా ఏదైనా ఉందంటే అది మంచానికి ఎడమ వైపు. నాకొక గది కావాలి. పడక కుర్చీ, రేడియో, లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపు. ఇంతే. దీనికోసం గోడ లేకముందే కిటికీ కొన్నాను. తాండూరులో ఎవరో పాత ఇల్లు విప్పుతుంటే దొరికింది. ఎరుపు, పచ్చ, పసుపు అద్దాల రెక్కలు. దాన్ని బస్సు మీద కట్టించి తెచ్చాను.

తాండూరు మా ఆవిడ పుట్టిల్లు. మా మామ అక్కడ బండల పని చేయించేవాడు. కూతురి వంటింటికి తానే బండలు పంపుతానన్నాడు. ఒక్కో బండను వేళ్లతో తట్టి, చెవి దగ్గర పెట్టి, జబ్బు మనిషిని చూసినట్టు చూసేవాడు. పనివాళ్లతో కన్నడం మాట్లాడుతూ మధ్యలో నా వైపు తిరిగి, "వంటిల్లు ఎంతుంటది అల్లుడా?" అన్నాడు.

నాకేం తెలుసు? కానీ అల్లుణ్ణి కదా, తెలియదంటే నామోషీ.

"మీ బిడ్డ గుర్రమెక్కి తిరిగేటంత ఉంటది మామా" అన్నాను.

మామ నవ్వలేదు. తలూపి, పనివాళ్లకు కన్నడంలో ఏదో చెప్పాడు. నా గదికి చేటు అక్కడే మొదలైంది.

మంచి రోజు చూసి మేస్త్రీ వచ్చాడు. కూలిన జాగాలో తాళ్లు కట్టి, ఆ తాళ్ల వెంబడి ముగ్గు పోసి, గోడలెక్కడ రావాలో గీసిపెట్టాడు. అరుగును ఆనుకుని నా గది, దాని పక్కన వంటిల్లు, ఆ పక్కన అమ్మ గది. "సిమెంటు రాంగనె కబురువెట్టు సారూ" అని వెళ్లిపోయాడు. సిమెంటు పర్మిట్ మీద దొరికే కాలం అది. దరఖాస్తు పెట్టాను. ఆఫీసువాళ్లు దాన్ని చాలా భద్రంగా దాచారు.

ముందరి గదుల్లో పొగ నిలిచిపోతోందని మా ఆవిడ ముగ్గు వంటింట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. అది చూసి అమ్మ తన మంచాన్ని ముగ్గు గదిలో వేయించుకుంది. పది రోజులు గడిచేసరికి ఎవరూ గీతలు దాటడం లేదు. తలుపని మేస్త్రీ వదిలిన సందులోంచే రావడం, పోవడం. ఒక సాయంత్రం సాబ్ చాయ్ ఆలస్యమైందని తిన్నగా పొయ్యి దాకా నడిచొచ్చాడు.

అమ్మ మంచం మీంచే కేకేసింది. "గోడలకెల్లి వస్తున్నవేంది సాబ్? దర్వాజ గటు లేదా?"

"మాఫ్ చెయ్యి అమ్మా, ఫికర్‌ల ఉన్న" అని ఆయన వచ్చినదారినే వెనక్కి నడిచి, చుట్టూ తిరిగి, సందు దగ్గర నిలబడి నోటితో "టక్ టక్" అన్నాడు. "ఎవరు?" అంది మా ఆవిడ. తలుపు తీసినట్టు చెయ్యి కూడా ఊపింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ రోజూ పొద్దున పేడనీళ్ల అలుకు చల్లితే ముగ్గు పోతుంది కదా. పోయిన గోడల్ని మా ఆవిడే మళ్లీ వేసేది. మొదట్లో గోడలు తిన్నగానే ఉన్నాయి. తర్వాత తాండూరు లారీ వచ్చింది. గుర్రం తిరిగేటన్ని బండలు దిగాయి.

ఆవిడ వాటిని వంటింట్లో పరిచి చూసుకుంది. ఇంకా బోలెడు మిగిలాయి. పుట్టింటి బండ వృథా కావడమన్నది ఆవిడ వంశంలో లేదు. మర్నాడు పొద్దున వంటింటి గోడ నా గదిలోకి ఒక జానెడు జరిగింది. అమ్మ ఊరుకుంటుందా? పచ్చడి జాడీలకు చోటు చాలడం లేదని తన గోడను వంటింట్లోకి నెట్టింది. వంటిల్లు ఆ నష్టాన్ని నా దగ్గర వసూలు చేసుకుంది. ఇలా ఇద్దరూ తెల్లవారుజామున ముగ్గు చిప్పలు పట్టుకుని, ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా అనుకోకుండా, నా మీద దండయాత్ర చేశారు.

ఒకరోజు కొలిచి చూద్దామని వెళ్లి నా గదిలో అడ్డంగా పడుకున్నాను.

"ఇగో, వంటింట్ల కాళ్లేంది? ముడుచుకోండ్రి" అంది మా ఆవిడ.

"ఇది నా గది!"

"గది మీదే. కాళ్లే నా పొయ్యి కాడున్నయి."

అమ్మ దగ్గర మొర పెట్టుకున్నాను. "నువ్వు జరిగితివి, ఆమె జరిగె. నేనెటు జరగాలె?"

"అరుగున్నది కద కొడకా. ఎట్లన్న ఆడనే ఉంటవు" అంది అమ్మ, జాడీ మూతికి గుడ్డ కడుతూ.

కోపంగా వెళ్లి అరుగు మీదే కూర్చున్నాను. అక్కడ సాబ్ ఉన్నాడు, నా బాధ వినేందుకు కాదు, నా గది అలంకరణ గురించి సలహాలిచ్చేందుకు.

"గోడకు పిస్తా రంగెయ్యి సారూ. కండ్లకు ఠండా."

"గోడే లేదు సాబ్."

"ఏ రంగో ముందు తయ్ జేస్కో. గోడ పరేషాన్ అయ్యి దానంతట అదే వస్తది."

మేమిద్దరం ఆ గదిని రోజూ అలంకరించాం. గది చిన్నదైన కొద్దీ సామాను మార్చాం. పడక కుర్చీ పట్టదని మామూలు కుర్చీ అనుకున్నాం, కుర్చీ పట్టదని స్టూలు, స్టూలూ పట్టని రోజున నిలబడి రేడియో వింటే నడుముకు మంచిదని సాబ్ తేల్చాడు. దారినపోయేవాళ్లు ఆగి అడిగితే వాళ్లకు మాత్రం అసలు కొలతలు చెప్పేవాణ్ణి కాదు. ఎండాకాలం ముగిసేసరికి నా గదికి షాండ్లియర్ వచ్చింది, తలుపుకు నెమలి చెక్కడం వచ్చింది, కూర్చోవడానికి ఏనుగు దంతం పీట వచ్చింది. ఇవన్నీ చెప్పడానికి పొద్దు చాలేది కాదు. అందుకే, ఆ ఒక్కరోజు పడుకున్నది తప్ప, మళ్లీ గదిలోకి అడుగు పెట్టే తీరిక నాకు దొరకలేదు.

మొదటి వాన వారం రోజులు విడవకుండా కురిసింది. ముగ్గురం ముందరి గదుల్లో పొగలో దగ్గుతూ కూర్చున్నాం. ముగ్గు మొత్తం కొట్టుకుపోయింది. అది చూసి నాకు లోలోపల ఎంత సంతోషమో! మేస్త్రీ వచ్చి మళ్లీ మొదటి కొలతలతో గీస్తాడు, నా గది నాకొస్తుంది. వాన వెలిసిన మర్నాడే పర్మిట్ కూడా వచ్చింది. దేవుడు నా పక్షమనుకున్నాను.

మేస్త్రీ వచ్చాడు. జాగా చూసి నోరు తెరిచాడు. "నేను కట్టకముందుకే గోడలు మొలిచినయి కద సారూ!"

నిజమే. అన్ని నెలలు ఎవరూ తొక్కని చోటల్లా పచ్చిక మొలిచింది. మేం గోడలు తొక్కలేదు కనుక గోడలన్నీ పచ్చగా లేచాయి. తలుపుల దగ్గర నున్నటి దారులు. వంటిల్లు, అమ్మ గది నడిచి నడిచి గట్టిపడి, గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. మేస్త్రీ ఆ పచ్చిక వెంబడే ముగ్గు పోసుకుంటూ అరుగు దాకా వచ్చి ఆగాడు.

"అన్ని గోడలు సక్కగనె ఉన్నయి. గీ ఒక్క గోడ గింత మందమేంది? కోట కడ్తున్నమా?"

ఆ మందపు గోడే నా గది. మోకాలెత్తు గడ్డి, ఈ చివరి నుంచి ఆ చివరికి. ఎవరిదో మేక అందులో నిలబడి తింటోంది.

అమ్మ మా ఆవిడను చూసింది. మా ఆవిడ మేకను చూసింది.

"అది గోడ కాదు, నా గది" అన్నాను.

"గదా?" మేస్త్రీ గడ్డిని కాలితో పక్కకు తోశాడు. "మనిషి తిరిగిన జాడ లేదు. ఎన్నడన్న లోపటికి పోయినవా సారూ?"

చిన్న గదికైతే ఎన్ని అబద్ధాలైనా చెప్పగలను గానీ గడ్డి ముందు ఏం చెప్తాను? సాక్ష్యానికి సాబ్ వైపు చూశాను. ఆయన గ్లాసులోకి చూసుకుంటూ, "సారు దినాం నా పక్కకే ఉండె భయ్" అన్నాడు.

మేస్త్రీ దాన్ని మామూలు గోడగానే కట్టాడు. మిగిలిన మందం వంటింట్లో కలిసింది. బండలన్నీ పట్టాయి, రెండు తప్ప. ఆ రెండూ అరుగు మీద పరిచారు. ఒకటి నాది, ఒకటి సాబ్‌ది. రంగుల కిటికీని ఎక్కడ పెట్టాలో తెలియక అరుగుకూ వంటింటికీ మధ్య గోడలోనే బిగించారు. ఆ గోడకు రంగు పిస్తా.

పాలు పొంగించిన రోజు మామ తాండూరు నుంచి వచ్చాడు. వంటింట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, తను పంపిన ఒక్కో బండనూ మడమతో తట్టి, సంతోషంగా అరుగు మీదికి వచ్చాడు. అటూ ఇటూ వెతికాడు.

"అల్లుడా, గుర్రమేది?"

"దరఖాస్తు వెట్టిన మామా. పర్మిట్ రావాలె."

మామ తలూపాడు. ఇంతలో ఎర్రద్దం రెక్క తెరుచుకుంది. మూడు చాయ్ గ్లాసులు, వాటి వెనక మా ఆవిడ.

"అబద్ధం నాయినా. దరఖాస్తు మేకకు వెట్టిండు" అంది.