ప్రమాదానికి హిందీలో అర్థం

జనవరిలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో దిగాను. గేటు దగ్గర సెంట్రీ గొంతు ముందు వినబడింది. మనిషి తర్వాత కనబడ్డాడు. పొగమంచు అంత ఉంది. నా వెంట ఒక నల్ల ట్రంకుపెట్టె, ఒక బెడ్డింగు, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. డ్యూటీ: సిగ్నల్స్ లైన్‌మన్. ఉదయం ఏడింటికి ఎక్స్‌ఛేంజ్. కేబుల్ ఎక్కడ తెగితే అక్కడికి వెళ్ళాలి. మీరు టీవీలో చూసే యుద్ధం నేను చూడలేదు. నా శత్రువులు ఎలుకలు, తేమ, రోడ్డు తవ్వే కాంట్రాక్టర్లు.

చైనీస్ హవల్దార్ కూడా.

ఆయనది గఢ్వాల్. చైనా భాషలో పరీక్ష పాసయ్యాడు కాబట్టి మా బ్యారక్‌లో ఆ పేరు పడింది. జీతంతో పాటు నెలనెలా భాషా భత్యం. విడిగా గది. గదిలో హీటర్. సాయంత్రం గడ్డి కోసి, గోతులు పూడ్చే వర్కింగ్ పార్టీ నుంచి తిరిగి వస్తుంటే ఆయన కిటికీలో రెండు ఎర్రటి కడ్డీలు వెలుగుతూ కనిపించేవి. మా కిటికీలో పగిలిన అద్దం చోట అట్టముక్క. ఆయన చేతులు చలికి పగలవు. అది నేను మొదటి వారమే గమనించాను. ఆ తర్వాత రోజూ గమనించాను.

నాకూ రెండు భాషలు వచ్చు, తెలుగూ హిందీ. కొత్తగా వచ్చిన తెలుగు జవాను భార్య ఆసుపత్రికి వెళ్ళాలన్నా, పిల్లను స్కూల్లో చేర్చాలన్నా, ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌కే వచ్చేది. "ఆ తెలుగువాణ్ణి పంపండి." నిచ్చెన దిగి వెళ్ళేవాణ్ణి. తిరిగొచ్చి మళ్ళీ నిచ్చెన ఎక్కేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న లైన్లన్నీ ఒకేసారి చచ్చిపోయాయి. మా యూనిట్ ట్రక్కు గేటు పక్కన మా కేబుల్ స్తంభాన్ని గుద్దింది. డ్రైవర్ శ్రీకాకుళం మనిషి, లాన్స్ నాయక్, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను తడి ఫైబర్ కేబుల్ తుడిచి, చేతి తొడుగులు తీసి, గాజు పోగులు అతుకుతుంటే పక్కన కూర్చుని చెప్పాడు.

"పాలోడు సైకిలేసుకుని మంచులోంచి ఎదురొచ్చీసినాడు తమ్మీ. ఆడి మీదకి ఎక్కించమంటావేటి? తిప్పీసినాను. సెట్టో సేమో అనుకున్నాను. మీ స్తంభం అయిపోనాది."

"పోనీలే అన్నా. స్తంభానికి పెళ్ళాం పిల్లల్లేరు."

మర్నాడు ఎంక్వయిరీ. మేజర్ సాబ్ కూర్చున్నారు. పక్కన బనారస్ సుబేదార్ సాబ్ వాంగ్మూలం రాస్తున్నారు. కేబుల్ నష్టం చెప్పడానికి నన్ను పిలిచారు. డ్రైవర్ సావధాన్‌లో నిలబడ్డాడు. నాయక్‌గా ప్రమోషన్ పట్టీ అతనికి ఆ నెలలోనే రావాలి. నోటికి వచ్చిన హిందీ ఒకే వాక్యం.

"సాబ్, ముఝ్‌సే ప్రమాద్ హో గయా."

సుబేదార్ సాబ్ కలం ఆగింది. "ఒప్పేసుకున్నాడు సాబ్. ఇక అడగడానికేముంది?" కాగితం డ్రైవర్ వైపు తిప్పారు. "సంతకం చెయ్."

డ్రైవర్ పెన్ను తీసుకున్నాడు.

నన్నెవరూ మాట్లాడమనలేదు. అయినా మాట్లాడాను. "సాబ్, హిందీలో ప్రమాద్ అంటే నిర్లక్ష్యం. తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంట్. అతను తెలుగు మాటకు హిందీ తోక తగిలించాడు. తప్పు చేశానని అనడం లేదు, యాక్సిడెంట్ అయిందంటున్నాడు."

మేజర్ సాబ్ డ్రైవర్ని తెలుగులోనే చెప్పమన్నారు. పాలవాడు, సైకిలు, తిప్పిన స్టీరింగు, అన్నీ వాక్యం వాక్యం హిందీలోకి మార్చాను. గేటు సెంట్రీని పిలిపించారు. సైకిల్ వాణ్ణి తనూ చూశానన్నాడు. సుబేదార్ సాబ్ ఆ కాగితం చింపి కొత్తది తీశారు.

"శభాష్," అన్నారు మేజర్ సాబ్. "వీడికి చాయ్ ఇప్పించండి."

చాయ్ తాగాను. ఆ పూటే సుబేదార్ సాబ్‌ని అడిగాను. "సాబ్, భాషా భత్యం నాక్కూడా రాయొచ్చు కదా?"

ఆయన నవ్వారు. "అరే, హవల్దార్ కళ్ళు పోయేలా చదివి నేర్చుకున్నాడు. నీకు తెలుగు అమ్మ పాలతో వచ్చింది. దానికి సర్కారు డబ్బు కట్టాలా?"

"తెలుగు అమ్మ ఇచ్చింది సాబ్. హిందీ ఎవరిచ్చారు? ఆ రెండూ ఎక్కడ తేడా కొడతాయో ఎవరు చెప్పారు?"

"నాలుక బాగా నడుస్తోంది. దానికైతే భత్యం అడగొచ్చు."

నేను చెప్పింది ఇప్పటికీ తప్పనుకోను. పుట్టుకతో వచ్చిన భాషకు జీతం అక్కర్లేదు. రెండు భాషల మధ్య నిలబడి, ఒకడి మాట ఇంకొకడి చెవిలో చెడిపోకుండా దాటించడం మాత్రం పనే. పని అయితే కూలి ఉండాలి. హవల్దార్‌కి ఇవ్వొద్దని నేననలేదు. నాకెందుకు లేదని అడిగాను.

అగ్నివీర్‌గా నాలుగేళ్ళ సర్వీసు ముగిసింది. ఇప్పుడు నోయిడాలో ఒక కంపెనీ సపోర్ట్ డెస్క్‌లో ఉన్నాను. జపనీస్ వచ్చినవాళ్ళకు అదనపు జీతం. తెలుగు కాల్స్ అన్నీ నాకు. "నీకిది ప్లస్ పాయింట్ యార్," అంటాడు మేనేజర్. పక్క వరసలో జపనీస్ వచ్చిన అమ్మాయి కొత్త హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఏ బ్రాండో చూస్తాను.

ఇక్కడ పొగమంచు దిగిన ప్రతిసారీ ఎంక్వయిరీ రోజు సాయంత్రమే కళ్ళముందుకొస్తుంది. డ్రైవర్ నాకు ముందు నడుస్తున్నాడు, మళ్ళీ తప్పు దొర్లకుండా, యాక్సిడెంట్‌కి నేను చెప్పిన హిందీ మాట బట్టీ పడుతున్నాడు. "దుర్ఘటన... దుర్ఘటన... ఇది మన దగ్గరా ఉన్న మాటే కదేటి తమ్మీ, నోటికి రానేదు!" నవ్వుకుంటూ మంచులో కలిసిపోయాడు. నేను ఆగిపోయాను. పగిలిన వేళ్ళు చంకల్లో పెట్టుకుని, హవల్దార్ కిటికీలో ఆ రెండు ఎర్రటి కడ్డీలను చూస్తూ నిలబడ్డాను.