చక్రానికి రెండు చుట్లు

మా బావ పోయాడు. పుత్తూరులో నా జాకెట్టు ముక్కల కొట్టు తెరిచి మెట్ల మీద నీళ్లు చల్లుతుండగా వడమాలపేట నుంచి అక్క ఫోన్ చేసింది. "రేయ్, మీ బావ ఎంత లేపినా లెయ్యలేదురా. నువ్వొచ్చి లేపు" అంది. ఏడవలేదు. పక్కింటివాళ్లు పంపు మోటారు వేయలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను చెంబు అక్కడే పడేసి, కొట్టుకు తాళం కూడా వేయకుండా బయలుదేరాను.

ఆ రోజు సాయంత్రం వాళ్ల షెడ్డు ముందు రోడ్డు పొడవునా జీపులు ఆగాయి. కార్వేటినగరం తోటల నుంచి వచ్చినవీ, చిత్తూరు నుంచి వచ్చినవీ. వచ్చినవాళ్లలో సగంమంది పేర్లు నాకు తెలియవు. వాళ్ల బండ్లు మాత్రం తెలుసు. వాటిలో మా బావ కింద దూరి చూడని బండి ఒక్కటీ లేదు. నేను పెద్దగా ఏడిచే మనిషిని కాదు, కోపం మాత్రం తొందరగా వస్తుంది. ఆ రోజు కోపమే వచ్చింది. ఇంతమంది ఉన్నారు గదా, నిరుడంతా ఏమైపోయారు వీళ్లంతా అనిపించింది. తర్వాత అనుకున్నాను, పాపం, వాళ్లకేం తెలుసు?

బావ పని ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. కొనబోయే పాత జీపులను జనం ముందుగా ఆయన షెడ్డుకు తెచ్చి చూపించుకునేవాళ్లు. పాత జీపు కొనేవాడు ముందు పెయింటు చూస్తాడు. సీటు నొక్కుతాడు, హారన్ కొడతాడు, ఇంజిను చప్పుడు వింటున్నట్టు తల వంచి నిలబడతాడు. మా బావ అవేవీ పట్టించుకోకుండా నేరుగా బండి వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చునేవాడు. "ముందరుండేది మొగం, ఎనకుండేది గుణం. పెండ్లికి ఏది సూడాల?" అనేవాడు. అక్క వినేటట్టు మరీ గట్టిగా అనేవాడు.

వెనక ఇరుసు మధ్యలో చిన్న గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఉంటుంది. దాని లోపల రెండు పళ్ల చక్రాలు. పెద్దదాన్ని క్రౌను అంటారు. ఇంజిను నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే బండి చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఆ రెండింటి పళ్లే నిర్ణయిస్తాయి. షాఫ్టు ఐదుంపావు చుట్లు దాటి తిరిగితే అది లాగుడు బండి, మామిడికాయల లోడుతో ఎంత ఎత్తయినా ఎక్కుతుంది. నాలుగుంపావు దగ్గర ఆగితే అది పరుగు బండి, మద్రాసు రోడ్డుకు బాగుంటుంది, తోటల గట్ల మీద మాత్రం క్లచ్ కాల్చుకుని కూర్చుంటుంది. మొదటిదాన్ని బావ కొండ క్రౌను అనేవాడు, రెండోదాన్ని రోడ్డు క్రౌను అనేవాడు. చిక్కేమిటంటే, ఇరుసు విరిగినప్పుడల్లా పాత ఇనుప కొట్లో ఏది దొరికితే అది తెచ్చి బిగిస్తారు. బండి కాగితాల్లో ఒకటి ఉంటుంది, కింద ఇంకొకటి ఉంటుంది. పైకి చూస్తే బ్రహ్మకు కూడా తెలియదు.

బావ బుర్ర విప్పకుండానే చెప్పేవాడు. బండిని న్యూట్రల్లో పెట్టి, వెనక చక్రాల్లో ఒకదానికి రాళ్లు అడ్డం పెట్టి, రెండోదాన్ని జాకీతో లేపేవాడు. కింద దూరి, షాఫ్టు మీది జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అడ్డంగా తెల్లటి గీత గీసేవాడు. టైలర్లు వాడే సుద్ద మా కొట్టు నుంచే తీసుకుపోయేవాడు, బళ్లో సుద్ద జిడ్డు మీద నిలబడదని. లేచిన చక్రానికి అక్క ఒక గీత గీసేది. ఇక ఆవిడ పైన కూర్చుని చక్రం తిప్పాలి, ఆయన కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలి. ఒకరు చేసే పని కాదు. ఆయనకు చక్రం మీది గీత కనబడదు, ఆవిడకు షాఫ్టు మీది గీత కనబడదు.

అక్క ఊళ్లో లేని ఒకసారి ఆ చక్రం నా చేతికి వచ్చింది. నేను ఒక చుట్టు తిప్పి, అయిపోయిందన్నాను. కింద నుంచి నవ్వు. "రెండుంముప్పావా? ఇది జీపు కాదబ్బా, రాకెట్టు. సూళ్లూరుపేటకు తోలుకుని పో, ఆడ ఎగరేస్తారు." రెండు చక్రాల్లో ఒకటి కదలకుండా నిలిచినప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే అసలు లెక్క వస్తుందట. ఆ మాట ఆయన ముందు చెప్పలేదు, నేను తప్పు చేస్తే నవ్వొచ్చని కాచుకుని ఉన్నాడు. బావమరిదిగా పుట్టాక ఇలాంటివి పడాలి. ఆ తర్వాత చాలా ఏళ్లు, మా ఇంట్లో ఎవరు తొందరపడి మాట్లాడినా "రెండు చుట్లు తిప్పినావా?" అని అడిగేవాడు.

అక్కా బావా బాగా పోట్లాడుకునేవాళ్లు. వంకాయ కూరలో ఉప్పు దగ్గర మొదలై మా నాయన పెండ్లిలో పెట్టని మర్యాదల దాకా వెళ్లేది. ఒక్కోసారి వారం వారం మాటలుండవు. అలాంటి ఒక రోజు నేను వెళ్లేసరికి ఎవరో జీపు తెచ్చి నిలబెట్టి ఉన్నారు. బావ ఏమీ అనకుండా కింద దూరాడు. అక్క ఏమీ అనకుండా కొంగు బిగించి చక్రం దగ్గర కూర్చుంది. "ఒగటి" అన్నాడు కింద నుంచి. కొంచెం సేపటికి "రెండు" అన్నాడు. ఆ వారంలో ఆ ఇంట్లో వినబడిన మాటలు అవేనేమో! ఐదు దాటి చెప్పేసరికి అక్క మొగం మెత్తబడింది. రాత్రికి పప్పు, గుంటపొంగణాలు చేసింది.

ఆయన లెక్క తప్పిందని మొదట నాకే తెలిసింది. కార్వేటినగరం వైపు రైతు ఒకాయన కూతురి పెండ్లి బట్టలకు నా కొట్టుకు వచ్చాడు. ముక్కలు చూస్తూ చూస్తూ, "మీ బావ ఆరోగ్యం బాగుండాదా అప్పా?" అన్నాడు. ఎందుకని అడిగితే గొంతు తగ్గించాడు. "నేను సూపిచ్చిన జీపు రోడ్డు క్రౌనన్నాడు. వద్దనుకున్న్యా. మా ఊరాయనే దాన్ని కొనుక్కున్యాడు. ఇప్పుడు కాయల లోడుతో కొండ మీదికి ఏనుగు మాదిరి ఎక్కతా ఉండాది. నేనేం అనుకోలే. ఆయనకు మాత్రం సెప్పొద్దు, బాధపడతాడు." ఆ పెద్దమనిషికి ఇప్పటికీ మొక్కుతాను.

మర్నాడు వెళ్లి అక్క పక్కన కూర్చున్నాను. బావ ఇంకో బండి కింద ఉన్నాడు. "ఒగటి, రెండు, మూడు" అన్నాడు. మళ్లీ "మూడు" అన్నాడు. అక్క చెయ్యి ఆగింది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, నోరు మెదపొద్దని. ఆవిడకు ఎప్పుడో తెలుసు. ఉప్పు రెండుసార్లు వేసుకుంటున్నాడనీ, మా అమ్మ పోయిన సంగతి మరిచి ఎట్లుండాదని అడుగుతున్నాడనీ అప్పుడు చెప్పింది. డాక్టరు మరుపు రోగమన్నాడు, పెరుగుతుందే తప్ప తగ్గదన్నాడు.

షెడ్డు మూసేద్దామన్నాను నేను. అక్క నా మీదికి లేచింది. "అన్నం తినేది మరిసిపోతాడు, తినిపిస్తా. నా పేరు మరిసిపోతాడు, సెప్తా. ఆ బండి కింద పండుకుంటేనే ఆయన ఆయన మాదిరి ఉంటాడురా. దాన్ని కూడా తీసేస్తే నాకు మిగిలేది ఎవురు?" అంది. 

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఎవరైనా జీపు తెస్తే, బావ భోజనం చేసే వేళ చూసి నేనూ అక్కా ముందే లెక్క తీసేవాళ్లం. నేను కింద, అక్క పైన. నిజం తెలిశాక ఏమీ ఎరగనట్టు బావను పిలిచేవాళ్లం. ఆయన కింద దూరి లెక్క మొదలుపెట్టేవాడు, మధ్యలో ఒక అంకె రెండుసార్లు చెప్పేవాడు. రెండు చుట్లు పూర్తయినా అక్క ఆపేది కాదు. ఇంకో అర చుట్టుకు కొంచెం తక్కువ, ఆయన నోటి నుంచి సరైన అంకె వచ్చేదాకా తిప్పి, అప్పుడు "రెండు సుట్లయినాయి" అనేది. "ఐదుంపావు దాటినాది. కొండ క్రౌను, తీసుకో అప్పా" అని బావ లేచి చేతులు దులుపుకునేవాడు. మా అక్క పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడగా నేను వినలేదు. ఆ ఏడాది మాత్రం వారానికొకటి ఆడింది, అదీ చేత్తో.

రానురాను బండ్లు రావడం తగ్గింది. బావ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. అక్క ఫోన్ చేసేది, "రేయ్, ఎవురినన్నా తోలుకుని రారా" అని. జీపులున్న ప్రతివాడి గడ్డమూ పట్టుకున్నాను. చివరకు మామిడి నర్సరీ పెట్టిన నా స్నేహితుడొకడు దొరికాడు. ఆ ఒక్క జీపునే మళ్లీ మళ్లీ తీసుకుపోయాం. మూడోసారో నాలుగోసారో బావ దాని చుట్టూ తిరిగి, "దీన్ని నేను యాడనో సూసినానే" అన్నాడు. నా స్నేహితుడు తడబడకుండా, "ఈ రంగు బండ్లు ఇప్పుడు శానా తిరగతా ఉండాయి బావా" అన్నాడు. బావ తల ఊపాడు. కళ్లు మాత్రం కాసేపు నా మీదే ఉన్నాయి. నేను జాకీ వెతుకుతున్నట్టు వంగాను.

చివరిసారి అదే జీపు. ఎండ వాలుతున్న వేళ. బావ కింద దూరడానికి నేను భుజం పట్టుకోవాల్సి వచ్చింది. గీత మాత్రం తానే గీశాడు, చేతికి ఇంకా గుర్తుంది. అక్క చక్రం అందుకుంది. "ఒగటి" అన్నాడు. "రెండు" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

అక్క తిప్పుతూనే ఉంది. రెండు చుట్లు అయ్యాయి. చక్రం మీది గీత మళ్లీ పైకి వచ్చింది, మళ్లీ కిందికి పోయింది. ఆయన అంకె చెబితే ఆపుదామని ఆవిడ. నేను వంగి చూశాను. భయపడ్డట్టు లేడు. వెల్లకిలా పడుకుని, ముఖానికి పైన తిరుగుతున్న షాఫ్టును చూస్తూ, ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు. అక్క చెయ్యి మార్చి పట్టుకుంది. అయినా ఆపలేదు.

"మ్మేయ్" అన్నాడు బావ కింద నుంచి. "నువ్వు ఆపితే గదా నేను సెప్పేది."

అక్క చెయ్యి చక్రం మీద అలాగే నిలిచింది. "నువ్వు సెప్తే గదయ్యా నేను ఆపేది" అంది. నోరు జారింది. అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయనకు తెలుసు. అంకెలు చేజారిపోతున్నాయని తెలుసు, అక్క ఎక్కడ ఆపితే అదే సరైన లెక్క అనీ తెలుసు. ఆవిడ చెయ్యి ఆగేదాకా నోటికొచ్చిన అంకె చెబుతూ నెట్టుకొచ్చాడు. ఆ రోజు చెప్పడానికి అంకెలు మిగల్లేదు. ఏడాదిపాటు ఆయన పరువు కాపాడుతున్నానని ఆవిడ తిప్పింది, ఆవిడ మనసు కష్టపెట్టకూడదని ఆయన ప్రతిసారీ కింద దూరాడు. నేను షెడ్డు వెనక్కి పోయి గోడ పట్టుకుని ఏడ్చాను.

తిరిగి వచ్చేసరికి బావ ఇంకా బండి కిందే ఉన్నాడు. ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చింది. నేల మీద తడుముకుంటూ వచ్చి అక్క పాదాన్ని పట్టుకుంది. అక్క అదిరిపడింది. "అయ్యో, కాలు పట్టుకోవద్దయ్యా, పాపం తగుల్తాది" అంది. ఆయన వదల్లేదు. ఆవిడా వెనక్కి తీసుకోలేదు. నా స్నేహితుడు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటికి, "సేతులు నొప్పి పుట్టింటాయి, ఇంగ సాలు" అన్నాడు బావ.

దీపాల వేళ అయింది. బయట తిరిగిన కాళ్లతో మా అక్క గడప దాటగా ఎవరూ చూడలేదు. మమ్మల్ని కూడా తొట్టి దగ్గర నిలబెట్టి, మడమలు తోమించి గాని లోపలికి రానివ్వదు. ఆ రోజు తొట్టి పక్కగానే నడిచి వెళ్లింది. ఎడమ పాదం మీద సుద్దా జిడ్డూ కలిసిన ఐదు వేళ్ల అచ్చు. కాళ్లు కడుక్కోకుండానే లోపలికి పోయి, దేవుడి ముందు దీపం పెట్టింది.