వెట్టి చూడబోయి వెట్టికూడు తిన్నాం

మనుషుల బతుకు తెలియాలంటే కథ రాయాలా, లెక్క తీయాలా అని నాకూ మిత్రుడు రాఘవకూ హైదరాబాదులో రోజూ గొడవే. నేను కథలు రాస్తాను. అతను కాలేజీలో సమాజశాస్త్రం చదువుతున్నాడు. చివరికి ఒకే ఊరికి పోయి, వెట్టిచాకిరీ గురించి ఎవరి తీరులో వాళ్లం రాద్దామని పందెం వేసుకున్నాం. తహసీలు కచేరీలో తెలిసినాయన ఉంటే ఆయన చేత ఆ ఊరి పటేలుకు ముందే కబురు పంపించాం.

మహబూబ్‌నగర్‌లో తెల్లవారుజామున రైలు దిగితే నాగర్‌కర్నూలుకు మోటారు దొరుకుతుంది. కిరాయి ఎక్కువేం కాదు గానీ, దుమ్ముకు తలగుడ్డ తప్పదు. అక్కడినుంచి కొల్లాపూర్ దారిలో ఎడ్లబండే గతి. సాయన్న అనే రైతు మా కోసం బండి కట్టుకొచ్చి నిలబడి ఉన్నాడు. ముందురోజే తొలకరి పడింది, దారి పొడవునా నాగళ్లు కట్టారు. నేను మురిసిపోతూ చూస్తుంటే రాఘవ కాగితం తీశాడు.

"నెలకు ఎన్నిరోజులు వెట్టి చేస్తావు, సాయన్నా?"

"వెట్టా? గసుంటిదేం లేదు దొరా. పటేలు దయతోని అందరం సల్లగున్నం."

రాఘవ సున్నా వేశాడు. "కాగితం కాదయ్యా, అతని మొహం చూడు" అని నేను ఎగతాళి చేశాను. నేనేదో చూసేసినట్టు!

మధ్యాహ్నానికి ఊరు చేరాం. చావడిలో సాయన్న భార్య ఎల్లమ్మ జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. ఆకలి మీదున్నాం, అడిగి మరీ వేయించుకున్నాం. చేయి కడుక్కుంటూ కోడి ఖరీదెంతని అడిగాను.

"పైసలెందుకయ్యా? పటేలు కోడిని తెమ్మన్నడు. మాది పొదుగుతాంది. గుడ్ల మీదికెల్లి లేవదు గద, గదొక్కటే ఉరకకుంట దొరికింది."

"మరి బండి కిరాయి?"

"కిరాయా! వానవడ్డది, ఇత్తనం ఏసుకోవాలె. పొద్దుగాల్నే పటేలు మనిషొచ్చి నాగలికున్న ఎడ్లను ఇప్పిచ్చి పంపిండు."

డబ్బు ఇవ్వబోతే, పటేలుకు తెలుస్తుందని ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. తిరిగి నాగర్‌కర్నూలుకు మేం నడిచి పోతాం, నువ్వు పొలానికి పో అంటే సాయన్న చేతులు జోడించాడు.

"దొరలను నడిపిచ్చిన అని నన్ను కొడ్తరు. మీ కాల్మొక్కుత, ఎక్కుండ్రి."

ఎక్కాం.

రాఘవ లెక్కలో ఊరంతా వస్తుంది, నా కథలో సాయన్న గోడు వస్తుంది, రెండూ కావలసినవే. కానీ ఆ రెండింట్లోనూ మేమిద్దరం లేము. బండిలో కూర్చున్నదీ కోడిని తిన్నదీ మేమే అయినప్పుడు సాయన్న మాకు నిజం ఎందుకు చెప్తాడు? ఇది రాస్తుంటే కూడా నాకు మొహం చెల్లడం లేదు.

మీరు వెళ్తే నాగర్‌కర్నూలులోనే కిరాయి బండి మాట్లాడుకోండి, సద్ది కట్టుకోండి. కచేరీ నుంచి కబురు మాత్రం పంపించుకోకండి. మీరు ఊరు చేరకముందే ఎవరింటి కోడో మీ కోసం ఉడుకుతుంటుంది.